అక్క చెయ్యి కోసం రాసిన టెస్టులు

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మా గదిలో పచ్చడి సీసా మూత తీసే పని నాది. సీసా అక్కది. అక్క అంటే నా తోడబుట్టిన మనిషి కాదు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, నా పక్క మంచం మీద పడుకుంటూ, పంజాగుట్టలో నేను పనిచేసే ఆఫీసులోనే టెస్టరుగా ఉన్న అమ్మాయి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి అక్క. ఆమె కుడి మణికట్టులో పట్టు పోయింది. మూత తిప్పబోతే బొటనవేలి మొదలు నుంచి మోచేతి దాకా నరం లాగేది. "జర తియ్యవే" అని సీసా నా వైపు తోసేది. నేను విసుక్కుంటూ తీసేదాన్ని. విసుగు నాకు పుట్టుకతో వచ్చింది. తెనాలి నుంచి పరుపుచుట్టతో పాటు అదీ తెచ్చుకున్నాను.

ఆ చెయ్యి బాగుపడాలని నేనొక పని చేశాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు మామూలుగా నడవని కోడ్ గురించి బాధపడతారు. నాది చక్కగా నడిచింది. అది నడవకుండా ఉంటే అక్క తన కుర్చీలోనే ఉండేదేమో అని ఇన్నేళ్ళ తర్వాత కూడా అనిపిస్తుంటుంది.

మెట్రో కోసం అమీర్‌పేట రోడ్డు నడుమ తవ్వి రేకులు పాతిన సంవత్సరాలవి. పొద్దున్నే హాస్టల్ నుంచి బయటికొస్తే దుమ్ము, ఆ దుమ్ములోనే ఇడ్లీ బండ్లు, బండ్ల మధ్య నిలబడి దారినపోయేవాళ్ళ చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్ళు. జావా, టెస్టింగ్ టూల్స్, ఈరోజే ఉచిత డెమో. మేమిద్దరం ఆ సందుల్లో చదువుకున్నవాళ్ళమే. అక్కడ చాలామంది మొదట నేర్చుకునేది ప్రోగ్రామింగ్ కాదు, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చూపించడం. కాలేజీలో చేసిన ప్రాజెక్టు రెజ్యూమెలోకి ఎక్కేసరికి ఉద్యోగానుభవం అయిపోయేది. ఒక ఆదివారం చెవిన పడ్డ క్లాసు "మంచి పరిచయం" అయిపోయేది. అందరూ గోరంతను కొండంత చేస్తుంటే గోరంతను గోరంత అని రాసినవాడు వెర్రివాడి కింద లెక్క. నా రెజ్యూమె కూడా కొండే. ఈ అలవాటు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మా కొంప ముంచింది ఇదే.

అక్కకి ఉద్యోగం ఆలస్యంగా వచ్చింది. డిగ్రీ అయ్యాక జిరాక్సు సెంటర్లో కూర్చుని, సాయంత్రాలు ఒక కోర్సు తర్వాత ఇంకో కోర్సు చేస్తూ, ఇంటర్వ్యూలకి చెప్పులరిగేలా తిరిగి, ముప్పై దగ్గర పడుతుండగా ఆ కుర్చీ దొరికింది. కిటికీ పక్క కుర్చీ. కిందికి చూస్తే పంజాగుట్ట ఫ్లైఓవర్ కనిపించేది. కుర్చీ వీపు మీద తన చున్నీ వేసుకునేది, పక్కన బల్ల సొరుగులో ఉప్పూకారం పొట్లం దాచుకునేది. మీటింగుకి కుర్చీలు చాలక ఎవరైనా దాన్ని లాక్కుపోబోతే ఊరుకునేది కాదు.

"గీ కుర్చీ నాకు ఊకెనే రాలే. ఆడ పెట్టు" అనేది. పెద్ద హోదా ఉన్నవాళ్ళు కూడా నవ్వుతూ పెట్టేసేవాళ్ళు.

మాది చిన్న కంపెనీ. ఎక్కడో విదేశంలో ఉన్న హోటళ్ళ వాళ్ళకి గదులు బుక్ చేసుకునే వెబ్‌సైటు తయారుచేసి, దాన్ని సాకుతూ ఉండేవాళ్ళం. మేం కోడ్ మార్చిన ప్రతిసారీ ఆ సైటులో ఉత్తుత్తిగా గది బుక్ చేసి చూడడం అక్క పని. కేలెండర్లో ఒక తేదీ నొక్కాలి, ఇంకో తేదీ నొక్కాలి, ధర మారిందో లేదో చూడాలి. ఒక పిల్లాణ్ణి, వాడికో అదనపు మంచాన్ని చేర్చాలి, తీసెయ్యాలి. వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ ముందుకి రావాలి. అదయ్యాక ఇంకో బ్రౌజర్ తెరిచి మొదటి నుంచి అంతా. ఈలోగా మాలో ఎవరో ఒక బటన్ కాస్త పక్కకి జరిపేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే పాట.

చెయ్యి మరీ వాచినప్పుడు లక్డీకాపూల్‌లో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, మణికట్టుకి పట్టీ వేసి, కొన్నాళ్ళు మౌస్ ముట్టుకోవద్దన్నాడు.

"మౌస్ పట్టొద్దంటె ఇంకేం పట్టాలె డాక్టర్ సాబ్? గదే నా నౌకరి" అంది అక్క.

ఆయన మందుల చీటీ రాసిచ్చాడు. బస్సులో తిరిగొస్తుంటే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, ఊరికి ఫోన్ చేసి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. చెబితే వచ్చెయ్యమంటారు. వెళ్తే మళ్ళీ రావడం ఉండదు. ఆమెకి భయం నొప్పి గురించి కాదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. వెబ్‌సైటుకి రెండు సగాలుంటాయి. ఒక సగం సర్వర్లో నడుస్తుంది. గది ఖాళీగా ఉందా, ధరెంత అన్నది అది చూసుకుంటుంది. రెండో సగం చూసేవాళ్ళ బ్రౌజర్లో నడుస్తుంది. కేలెండర్ తెరుచుకోవడం, పేజీ కదలకుండానే ధర మారడం దాని పని. సైటు కట్టడానికి మేం వాడిన రెడీమేడ్ సరంజామాని ఫ్రేమ్‌వర్క్ అంటారు, అది పెళ్ళి కాంట్రాక్టరు లాంటిది. షామియానా నుంచి విస్తరాకుల దాకా అన్నీ తనే తెస్తుంది. సర్వర్ సగానికి టెస్టులు కూడా దాంతోనే వచ్చాయి. టెస్టు అంటే కోడ్‌ని పరీక్షించే ఇంకో కోడ్. ఒక్క కమాండ్ కొడితే మేం టీ తాగి వచ్చేలోపు ఆ పరీక్షలన్నీ అయిపోయేవి. బ్రౌజర్ సగానికి మాత్రం ఆ కాంట్రాక్టరు ఏమీ తేలేదు. దానికి టెస్టంటూ ఉంటే అది అక్క కుడి చెయ్యే.

అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. కంప్యూటర్లు చేసుకోవాల్సిన పని మనిషి నరాల మీద పెట్టడమేంటని భోజనాల దగ్గర అందరితో దెబ్బలాడేదాన్ని. దెబ్బలాడి దెబ్బలాడి చివరికి నేనే మొదలుపెట్టాను.

మొదట ఫ్రేమ్‌వర్క్‌తో సంబంధం లేకుండా, వేరే ఫోల్డర్లో చేశాను. పేజీలో కేలెండర్ ఉన్న ముక్కని కాపీ చేసి టెస్టులో అతికించుకుని, దాని మీద తేదీలు నొక్కించాను. అన్నీ పాసయ్యాయి. తెర మీద వరసగా ఆకుపచ్చ గుర్తులు. గర్వంగా అక్కని పిలిచి చూపించాను. ఆమె పక్క కంప్యూటర్లో అసలు సైటు తెరిచి, ఎడమ చేత్తో కేలెండర్ నొక్కి, "మరి గిది తెరుచుకుంటలేదేందే?" అంది. అంతకుముందే మావాళ్ళెవరో అసలు పేజీలో ఏదో మార్చారు, కేలెండర్ చచ్చిపోయింది. నా టెస్టు మాత్రం నేను దాచుకున్న పాత కాపీ మీద హాయిగా పాసవుతూ కూర్చుంది. పోయినేటి ఫోటో చూసి మనిషి కులాసాగా ఉన్నాడన్నట్టు.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాకు రోషం వచ్చింది. ఈ టెస్టుల్ని ఫ్రేమ్‌వర్క్ లోపలికే తీసుకురావాలని పంతం పట్టాను. కాపీలు వద్దు, అసలు పేజీలు ఎక్కడి నుంచి తయారవుతాయో టెస్టుకి కావాల్సిన ముక్కలూ అక్కడి నుంచే రావాలి. సర్వర్ టెస్టులు నడిపే కమాండ్‌తోనే ఇవీ నడవాలి. ఏ ఒక్కటి తప్పినా కొత్త వెర్షన్ గడప దాటకూడదు. చెప్పుకోవడానికి చాలా తేలిక. చెయ్యబోతే చుక్కలు కనిపించాయి.

తెర మీద కనపడకుండా లోపల్లోపలే నడిచే బ్రౌజర్ ఒకటి దొరికింది గాని, అది మా ఫ్రేమ్‌వర్క్‌తో సర్దుకుపోవడానికి కొత్త కోడలికన్నా ఎక్కువ రోజులు తీసుకుంది. అది సర్దుకున్నాక ఇంకో గోల. కొన్ని టెస్టులు ఒకసారి పాసయ్యేవి, ఏమీ మార్చకుండానే మళ్ళీ నడిపితే ఫెయిలయ్యేవి. కీబోర్డు పగలగొడదామన్నంత కోపం వచ్చేది. అక్క తన కుర్చీ దొర్లించుకుంటూ వచ్చి పక్కన కూర్చుని చూసింది.

"దానికి గంత తొందరేందే? కేలెండర్ తెరుచుకోకముందే తారీఖు నొక్కుతున్నది. నేనైతె ఒక్క ఊపిరి ఆగుత."

నిజమే, యంత్రానికి ఊపిరి లేదు కాబట్టి ఆగడం నేనే నేర్పాలి. కేలెండర్ పూర్తిగా తెరుచుకున్నాకే నొక్కేలా రాశాను. టెస్టులు కుదుటపడ్డాయి.

అక్కడి నుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. మధ్యాహ్నం డబ్బాలు కడుక్కొచ్చాక ఆమె చెప్పడం, నేను రాయడం. ప్రతి టెస్టుకీ పైన ఒక వాక్యం పెట్టాలి, అది దేన్ని పరీక్షిస్తుందో చెప్పేది. నేను ఇంగ్లీషు కోసం తడుముకోవడం ఎందుకని ఆమె అన్నమాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసేదాన్ని. "తారీఖు మారితె ధర మారాలె." "పోరగాన్ని తీసేస్తె మంచం సుత పోవాలె." "వెనక్కి పోతె పేరు పోవద్దు." చివరిది, బుక్ చేసేవాళ్ళు తమ పేరు కొట్టి, ముందు పేజీకి వెళ్ళి తిరిగొస్తే ఆ పేరు చెరిగిపోకూడదని. టెస్టులు నడిపినప్పుడల్లా ఈ వాక్యాలు ఒకదాని కింద ఒకటి ఆకుపచ్చగా దిగేవి. క్లయింటు దగ్గరి ఇంజనీరు ఒకాయన అవి చూసి ఇది ఏ భాష అని అడిగాడు.

"జనగామ భాష అని రాసి పంపు" అంది అక్క. నేను అలాగే రాసి పంపాను.

అన్నీ నా పేరు మీదే నమోదయ్యేవి. కోడ్ దాచే చోటికి వెళ్ళే అనుమతి డెవలపర్లకే ఉండేది, టెస్టర్లకి ఉండేది కాదు. అక్కకి కూడా ఇవ్వమని మెయిల్ పెట్టాం. చూస్తామన్నారు. మళ్ళీ అడగాలని మాకు తోచలేదు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చేస్తున్నప్పుడు పేరెవరిదైతేనేం అనుకున్నాం.

ఇదంతా నాకు అప్పగించిన పని పక్కనపెట్టి చేస్తున్నాను కాబట్టి మేనేజరు గారి అనుమతి కావాల్సి వచ్చింది. ఆయన చెడ్డవారు కాదు. రాజమండ్రి మనిషి, ఆడపిల్లలందరినీ అమ్మా అనే పిలిచేవారు. అక్క చెయ్యి బాగోలేదండీ, అందుకని చేస్తున్నాను అన్నాను.

"పాపం, నాకు తెలుసమ్మా. కానీ చెయ్యి నొప్పి అని పైకి పంపలేను కదా. ఇది చేస్తే ఎన్ని గంటలు మిగులుతాయో వేసి ఒక్క స్లైడు ఇవ్వు. గంటలు కనపడకపోతే వాళ్ళు చూడను కూడా చూడరు."

అప్పట్లో ఏది అడగాలన్నా అంతే. మంచి మానిటరు కావాలన్నా, ఇంకో ఏసీ కావాలన్నా, దాన్ని మనుషుల పనిగంటల్లోకి మార్చి అడగాలి. కళ్ళు మండుతున్నాయి, ఉక్కపోస్తోంది అంటే ఆ లెక్కలోకి రాదు. మా అందరికీ ఆ భాష నోటికొచ్చేసింది, అందులో వింత ఏమీ కనిపించేది కాదు.

ఆ సాయంత్రం అమీర్‌పేటలో మిర్చిబజ్జీల బండి పక్కన నిలబడి లెక్క వేశాం. నిజానికి అక్క రోజంతా నొక్కుతూ కూర్చునేది కాదు. కొత్తగా ఏం చెయ్యాలో క్లయింటు రాసి పంపినవి చదివేది, అందులో పొంతన లేనివి పట్టుకునేది, మేం సరిగా అర్థం చేసుకోనివి మాకు విడమరిచి చెప్పేది. చేత్తో నొక్కి చూడడం ఆమె పనిలో సగమే.

"సగం రోజు అని రాస్తాను అక్కా" అన్నాను.

"సగం దినం అంటె ఎవడిస్తడే పర్మిషన్? జర ఎక్కువ పెట్టు, ఏం పోతది? అమీర్‌పేటల సదివినోళ్ళం కాదా మనం?"

పెట్టాను. ఆమె ఇంకొంచెం కలిపింది. నేను ఇంకో బ్రౌజర్ కలిపాను. ఎప్పుడో ఒకసారి చేసే పరీక్షల్ని రోజూ చేసేవాటి కింద వేశాం. ఆ పొంతన లేనివి పట్టుకునే పని, విడమరిచి చెప్పే పని రాయలేదు. రాస్తే మిగిలే గంటలు తగ్గిపోతాయి. చివరికి లెక్క చూస్తే సరిగ్గా ఒక మనిషి నెల పొడుగునా చేసే పనంతా అయింది.

"గిది చూస్తె నేను పొద్దంత ఊపిరి సుత తీసుకోకుండ నొక్కుతున్నట్టే ఉన్నది" అని అక్క పగలబడి నవ్వింది. నాకు బజ్జీ గొంతులో అడ్డుపడేంత నవ్వొచ్చింది. మా రెజ్యూమెలు నమ్మినవాళ్ళు ఈ స్లైడు నమ్మరా అనుకున్నాం. నమ్మారు. రెండు రోజుల్లో అనుమతి వచ్చేసింది.

అయితే ఆ తర్వాత కొన్ని నెలలు మా జీవితంలో మంచి రోజులని ఒప్పుకోవాలి. ఎవరు కోడ్ మార్చినా అక్క వాక్యాలన్నీ వాటంతటవే నడిచేవి. ఒకటి ఎర్రబడితే ఆ మార్చినవాళ్ళే తల గోక్కుంటూ దిద్దుకునేవాళ్ళు. అక్క పట్టీ తీసేసింది. మౌస్ అవసరమైనప్పుడే పట్టుకునేది. ఒక ఆదివారం గదిలో అన్నం ముందు కూర్చుని ఉంటే, ఆమె సీసా అందుకుని నా వైపు తొయ్యబోయి, ఆగి, తనే తిప్పింది. మూత వచ్చేసింది.

"చూసినవానే!" అని మూత పైకెత్తి గదిలో అందరికీ చూపించింది. ఆ మూత మళ్ళీ బిగించి మళ్ళీ తీసింది. అంత సంతోషం నేను ఏ రిలీజు రోజునా పడలేదు. నా చేత్తో ఒక మనిషికి నొప్పి తగ్గించానని రాత్రి పడుకునేముందు దుప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను.

కంపెనీ కొత్త సంవత్సరం లెక్కలు చూసుకునే వేళకి, మా ప్రాజెక్టు నుంచి ఒక టెస్టరుని తీసేస్తున్నారని తెలిసింది. మా ప్రాజెక్టులో ఉన్నదే ఒక్క టెస్టరు. వేరే ప్రాజెక్టులో ఖాళీ ఉంటే చూస్తారట, లేకపోతే లేదట. నేను మేనేజరు గారి గదిలోకి తలుపు కూడా తట్టకుండా వెళ్ళాను.

"ఇదేంటండీ?" అన్నాను.

ఆయన కంప్యూటరు నా వైపు తిప్పి చూపించారు. మా స్లైడే. "చూడమ్మా, నువ్వే రాశావుగా. ఒక మనిషి పని మిగులుతుందని."

"అవి కొంచెం ఎక్కువ వేసిన గంటలండీ. ఆవిడ పని అదొక్కటే కాదు."

"ఎక్కువ వేశారని నాకు తెలియదా? నేనూ అలాంటి లెక్కలు పంపేవాడినే. కానీ ఇప్పుడు అది తప్పు లెక్కని పైకి ఎలా చెప్పను? రేపటి నుంచి మన ప్రాజెక్టు మాట ఎవరు నమ్ముతారు?"

మరి కొత్త టెస్టులు ఎవరు రాస్తారని అడిగాను. అక్కే రాయాలి, ఆవిడకే తెలుసు అన్నాను. ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశారు. "అవి ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉన్నాయి కదమ్మా. మీ ఫోల్డర్లో, మీ కమాండ్‌తో నడుస్తున్నాయి. డెవలపర్లే రాస్తారు."

నేను మొదట చేసినట్టు వేరే ఫోల్డర్లో, వంకరటింకరగా, రోజూ ఎవరో ఒకరు చూసుకోవాల్సిన స్థితిలో ఉండి ఉంటే, అది టెస్టరు పని అయ్యేది. దానికో మనిషి కావాలనేవారు. నేను పంతం పట్టి, ముచ్చటపడి, అతుకు కనపడకుండా లోపల కలిపేశాను. ఎంత బాగా కలిపానంటే, అందులో ఇంకో మనిషికి చోటే మిగల్లేదు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా అమ్మ ఆ సామెత అన్నప్పుడల్లా నవ్వేదాన్ని.

ఆ రాత్రి గదిలో అక్క నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని, ఏడుపు బయటపడేది. ఆమె కంచంలో అన్నం పెట్టుకుంది. సీసా మూత తనే తిప్పి తీసి, ముందు నా కంచంలో పచ్చడి వేసింది.

"నేను సుత లెక్క చెప్పిన గద. నువ్వొక్కదానివే రాసినవా? తిను" అంది.

వేరే ప్రాజెక్టులో ఖాళీ రాలేదు. చివరి రోజు ఆమె చున్నీ తీసుకుని, సొరుగులోంచి ఉప్పూకారం పొట్లం తీసి నా బల్ల మీద పెట్టి, కుర్చీని బల్ల కిందికి పూర్తిగా తోసి వెళ్ళింది. తర్వాతి వారమే ఎవరో మీటింగుకని ఆ కుర్చీ లాక్కెళ్ళారు. నేను వెళ్ళి తెచ్చి పెట్టాను. మళ్ళీ లాక్కెళ్ళారు.

అక్క మళ్ళీ అమీర్‌పేట సందుల్లో పడింది. ఇంటర్వ్యూల్లో అందరూ ఒకటే అడిగేవారు: చేత్తో చెయ్యడమేనా, ఆటోమేషన్ వచ్చా? వచ్చు, ఒక సైటు మొత్తానికి చేశాను అనేది. చూపించమనేవారు. చూపించడానికి ఏమీ లేదు. ప్రతి వరసా నా పేరు మీద ఉంది. ఆమె చెప్పి రాయించిందని నేను ఉత్తరం రాసిచ్చాను, ఫోన్లో మాట్లాడతానన్నాను. అమీర్‌పేటలో అలాంటి ఉత్తరాలు ఎలా పుడతాయో ఇంటర్వ్యూ చేసేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి, నవ్వి పక్కన పెట్టేసేవారు. అందరూ అబద్ధం ఆడే వీధిలో ఆమె దగ్గరున్న ఒక్క నిజం కూడా చెల్లలేదు. ఆ రోజుల్లో హాస్టల్‌కి తిరిగి రావడానికి నాకు కాళ్ళు వచ్చేవి కావు. ఏమైంది అక్కా అని అడగడానికి భయం, అడక్కుండా ఉండడానికి సిగ్గు.

కొన్నాళ్ళకి మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ పని దొరికిందని, దగ్గర్లో ఉంటే బస్సు ఖర్చు తప్పుతుందని మెహిదీపట్నం వైపు గది మార్చింది. పచ్చడి సీసా నాకు వదిలేసి వెళ్ళింది.

చాలా రోజులు వెళ్ళలేదు నేను. పని ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. చివరికి ఒకసారి ముందుగా ఫోన్ చేసి, మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళాను. ఆఫీసు గేటు పక్కన చెట్టు నీడలో సిమెంటు బల్ల మీద డబ్బా విప్పుకుని కూర్చుంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. కొంచెం బరువు పెరిగింది. కుడి మణికట్టుకి మళ్ళీ పట్టీ ఉంది, ముందు దానికన్నా వెడల్పుది. చెంచా ఎడమ చేత్తో పట్టుకుని తింటోంది.

"పొద్దంత టైపింగే. గా దరఖాస్తులన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె. ఏం చేస్తం, నడుస్తుంది" అంది. నేను పట్టీ వైపు చూస్తుంటే చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

మాట మార్చడానికి కాబోలు అడిగింది: "మన టెస్టులు ఇంకా నడుస్తున్నయానే?"

నడుస్తున్నాయన్నాను. ఆ వారమే ఒకటి ఎర్రబడిందని చెప్పాను. కొత్తగా చేరినతను ఏదో మార్చాడు. వెనక్కి వస్తే పేరు చెరిగిపోతోంది. టెస్టు పట్టుకుని వెర్షన్‌ని ఆపేసింది. ఇదేం వాక్యమని అతను నన్ను అడిగితే చదివి అర్థం చెప్పాను.

"వెనక్కి పోతె పేరు పోవద్దు! గది పట్టిందా?" అక్క చెంచా కింద పెట్టేసింది. "నేను చెప్పలే? గది ఎప్పటికైన పట్టుతదని నేను చెప్పలే నీకు?" పక్క బల్ల మీద తింటున్న ఆవిడని పిలిచి, "గీ పిల్ల, నేను కలిసి చేసినం, ఇంకా నడుస్తున్నదట" అని చెప్పింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపింది.

అక్క కళ్ళలో నా మీద ఇసుమంత కోపం కూడా లేదు. ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ సంతోషం చూసి ఓర్చుకోవడం నావల్ల కాలేదు. ఈ చెయ్యి మౌస్ పట్టుకోకూడదనే కదా అదంతా రాశాను అనుకుంటూ తల దించుకున్నాను.

తినడం అయ్యాక ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత మీద కుడి చెయ్యి వేసి, ఒకసారి తిప్పి చూసి, పళ్ళు బిగించి, ఆగింది. సీసాని బల్ల మీద నా వైపు తోసింది.

"జర తియ్యవే."

తీసి ఇచ్చాను. విసుక్కోవడం చేతకాలేదు.